అల్పో తీగను ఎవరు పట్టుకెళ్ళారు?

పోరి అనే ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు రిసెప్షన్‌లో కూర్చున్నాను. ఎవరికి ఎన్ని గంటలకు, ఏ పన్ను, పైదా కిందిదా, అంతా ఒక వరసలో ఉండేది. మా వైపు మాట కూడా అంతే. నొప్పిగా ఉందా అని అడిగితే ఉంటే ఉందంటారు, లేకపోతే లేదంటారు. రిటైరయ్యాక, సరస్సు పక్కన బతకాలన్న పాత కోరికతో కువోపియోలో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాను. కిటికీలోంచి సరస్సు కనబడుతుందని ప్రకటనలో రాశారు. అబద్ధం కాదు. బాల్కనీ కమ్మీ పట్టుకుని నడుము దాకా బయటికి వంగితే కనబడుతుంది.

కువోపియో ఉన్న ఈ సావో ప్రాంతం వాళ్ళ గురించి ఒక మాట ఉంది. వాళ్ళు నోరు తెరిస్తే అర్థం చేసుకునే పూచీ విన్నవాడిదేనట. వేళాకోళానికి అంటారనుకున్నాను. వచ్చి ఏడాది తిరగకముందే ఆ పూచీ నా మెడకు చుట్టుకుంది.

మాది నాలుగంతస్తుల పాత ఇల్లు, లిఫ్టు లేదు. నాది రెండో అంతస్తు. రెండుకీ మూడుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీ గట్టు మీద మట్టి కుండీలో ఒక తీగ ఉండేది. మనీ ప్లాంటు జాతిదే. మా వాళ్ళు బంగారు తీగ అంటారు, కానీ దీనిలో బంగారం కంటే వెండి ఎక్కువ. అరచేయంత ఆకు, దాని మీద పాలు ఒలికినట్టు తెలుపు. కొన్ని ఆకులైతే మొత్తం తెల్లనివే, పచ్చ రంగు వేలితో చిలకరించినట్టు అక్కడక్కడ ఉండేది. కిటికీ చుట్టూ కట్టిన తాడు పట్టుకుని పైదాకా పాకి, గోడ మీదుగా మళ్ళీ దిగి మెట్ల కమ్మీని అందుకునేది. అది ఎవరిదో నాకు తెలియదు. నేను అడగనూ లేదు.

సెప్టెంబరు చివర్లో కింద తలుపు దగ్గర ఒక నోటీసు అంటించారు. మెట్ల దారికి రంగులు వేస్తున్నారు. నిప్పు భద్రత నియమాల ప్రకారం మెట్ల మీదున్న సొంత సామాన్లన్నీ శుక్రవారంలోగా తీసేయాలి, మిగిలినవి చెత్తలోకి పోతాయి. కింద సొసైటీ అధ్యక్షురాలు ఐలి సంతకం. సంతకం గీత దాటి అచ్చు అక్షరాల మీదికి ఎక్కేసింది. దర్జా మనిషి అనుకున్నాను. ఐలి మూడో అంతస్తులో, సరిగ్గా నా ఇంటి పైనే ఉంటుంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, నిటారుగా నడుస్తుంది, నీలం టోపీ. ఒకసారి పెరట్లో ఎదురుపడి తల ఊపితే చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. అప్పటినుంచి నేనూ ఊపడం మానేశాను.

సోమవారం పోయింది, మంగళవారం పోయింది. సైకిళ్ళు తీశారు, మంచు మీద లాగే స్లెడ్జి బండ్లు తీశారు. తీగ జోలికి ఎవరూ రాలేదు. ఇంత బతుకు బతికిన మొక్క చెత్త డబ్బాలో పడుతుందా అని నాకు మనసొప్పలేదు. బుధవారం సాయంత్రం కుర్చీ వేసుకుని ఎక్కాను.

తీగను గోడ నుంచి విడదీయడం జుట్టు చిక్కు తీయడం లాంటిది. కణుపు కణుపుకీ గోధుమ రంగు వేళ్ళు పుట్టుకొచ్చి సున్నాన్ని కరుచుకుని ఉన్నాయి. లాగితే తెగుతాయి, వదిలితే రావు. చాకు మొన గోడకీ వేరుకీ మధ్య దూర్చి ఒక్కొక్కటే తీస్తుంటే రెండు గంటలు పట్టింది. మధ్యలో కింది అంతస్తు ఆర్మాస్ వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఒకప్పుడు అడవి దుంగల లారీ నడిపినవాడు. చేతిలో నీళ్ళ డబ్బా ఉంది.

"తీస్తున్నావన్నమాట," అన్నాడు.

"ఎల్లుండితో గడువు అయిపోతుంది కదా. నీదా ఇది?"

"నాదని అనలేను. నాది కాదనీ అనలేను."

"అయితే ఎవరిది?"

"అల్పోదంటారు."

"అల్పో ఎవరు?"

"అల్పో ఇప్పుడు లేడు," అని నీళ్ళ డబ్బా కేసి చూసుకుని, "తీసింది తీశావు గానీ, తీసిన చోటు ఖాళీగా ఉంటుంది మరి," అని కిందికి దిగిపోయాడు.

తీసిన చోటు ఖాళీగా కాక నిండుగా ఉంటుందా? నేను తీగను దుప్పటిలో చుట్టి ఇంట్లోకి మోసుకొచ్చి హాలులో పుస్తకాల అలమారా మీద పెట్టి, కొసలు కర్టెన్ కమ్మీకి చుట్టాను. వారంలో రంగులు అయిపోయాయి. గోడలకు పాత కాలం నుంచి ఉన్న గోధుమ రంగు పట్టీ కూడా పోయి, కింది నుంచి పై దాకా ఒకటే బూడిద రంగు.

అక్టోబరు మధ్యలో ఒక సాయంత్రం కాఫీ వడకడుతున్నాను. నా తలుపు తాళంలో ఎవరో తాళంచెవి పెట్టి తిప్పుతున్నారు. దూరుతుంది గానీ తిరగడం లేదు. బయటికి తీసి మళ్ళీ పెట్టారు. నేను వడపోత గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఎవరది?" అని అరిచేసరికి చప్పుడు ఆగింది. తలుపు తీసి చూస్తే మెట్ల మీద లైటు ఆరిపోయి ఉంది, మనిషి లేరు. పైనెక్కడో తలుపు మూసిన చప్పుడైంది. దొంగైతే కిందికి పరిగెడతాడు గానీ పైకి ఎక్కుతాడా?

మర్నాడు నోటీసు బోర్డు మీద తెల్ల కాగితం వెలిసింది. లావుపాటి నల్ల సిరాతో, ఒక్కో అక్షరం కోడిగుడ్డంత.

"అల్పో తీగను ఎవరు పట్టుకెళ్ళారు?"

చివరి అక్షరాలు కాగితంలో పట్టక బోర్డు చెక్క మీదికి వెళ్ళిపోయాయి. పేరు లేదు. నాకు చెవులు వేడెక్కాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క దూది ఉండ కూడా ఇంటికి తెచ్చుకోనిదాన్ని. వెంటనే పెన్ను తీసి, ఆ కాగితం కిందే, రిసెప్షన్‌లో రాసే చిన్న చక్కటి అక్షరాలతో రాశాను: "పారేస్తారేమోనని నేను తీసి ఉంచాను. భద్రంగా ఉంది. ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు. ఫ్లాటు నాలుగు, రౌని."

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు దాని పక్కనే ఇంకో కాగితం.

"ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. సిగ్గు లేదా?"

నా జవాబు అక్కడే, దాని పక్కనే, అంగుళం దూరంలో ఉంది! నేను రాసింది నేనే మళ్ళీ చదువుకున్నాను. పేరుంది, ఫ్లాటు నంబరుంది. ఇంకెలా చెప్పాలి?

నాలుగో అంతస్తు హిల్లా ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తూ కనబడితే పట్టుకున్నాను. ముప్ఫై దాటిన పిల్ల, ఎప్పుడూ హడావుడి.

"హిల్లా, ఈ అల్పో ఎవరమ్మా?"

"ఇక్కడ వాచ్‌మన్‌గా ఉండేవాడట, నేను పుట్టకముందు. తీగ ఆయనే నాటాడట."

"చనిపోయాడా?"

"బతికుంటే నూట పాతిక ఉంటాయి."

"అయితే చచ్చిపోయినవాడి తీగ కోసం ఈ కాగితాలు రాస్తున్నదెవరు?"

హిల్లా చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకుంది. "రాసినవాళ్ళకి తెలిసే ఉంటుంది," అంది. "తీగ నీ దగ్గర బాగుందా?"

"బాగుంది."

"బాగుండాలి," అని గబగబా ఎక్కిపోయింది.

ఆ బుధవారం బెల్లు మోగింది. ఆర్మాస్, నీళ్ళ డబ్బాతో.

"బుధవారం," అన్నాడు.

"అవును, బుధవారమే. అయితే?"

"బుధవారాలు నేను పోస్తాను. పోసేవాణ్ణి." చెప్పులు విప్పి లోపలికొచ్చి, కుండీలో వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూశాడు. "తడిగా ఉంది. ఇవాళ వద్దు. చీకటి నెలల్లో దీనికి నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది." ఆకులు తడి గుడ్డతో తుడిచి, కాఫీ తాగి వెళ్ళాడు. శనివారం హిల్లా వాననీళ్ళ సీసాతో వచ్చింది. కుండీని పావు వంతు తిప్పి, "వారానికింత తిప్పాలి, లేకపోతే ఒక పక్కకే వాలుతుంది," అంది. మరుసటి బుధవారం ఆర్మాస్ వచ్చి ఎవరు తిప్పారని సణిగి వెనక్కి తిప్పాడు.

పొరుగువాళ్ళు ముఖాలు చూసుకోని ఇంట్లో నా హాలు రైల్వే స్టేషన్ అయింది. నాకు కోపం రాలేదు, అదీ నాకు అంతుపట్టలేదు. కానీ వాళ్ళ మాటలే అర్థమయ్యేవి కావు.

"కిటికీ దగ్గర ఉన్నప్పుడు ఇది దారికి అడ్డం కాదు," అన్నాడు ఆర్మాస్ ఒకరోజు, కప్పులోకి చూస్తూ.

"అడ్డమని నేనన్నానా?"

"అడ్డం కానిది ఏమవుతుందీ అంటున్నా."

"ఏమవుతుంది?"

"దారి కొందరికి కళ్ళతో తెలుస్తుంది, కొందరికి కాళ్ళతో, కొందరికి చేత్తో."

అతని మోకాళ్ళ నొప్పుల గురించి అనుకుని, మా డాక్టరు వాడే ఒక పూత మందు పేరు చెప్పాను. ఆర్మాస్ ఇంకో బన్ను తీసుకున్నాడు.

నవంబరులో తీగ కొత్త చిగురు వేసింది. చుట్టుకుని ఉన్న ఆకు విప్పుకునేదాకా రోజూ చూశాను. విప్పుకుంటే పచ్చగా ఉంది, ఒక్క తెల్ల చుక్క లేదు. తర్వాతిదీ పచ్చనే. ఆ తర్వాతిదీ అంతే. పాత తెల్ల ఆకులు మాత్రం అంచుల్లో గోధుమ రంగుకు తిరిగి ఒకటొకటే రాలుతున్నాయి. ఏం తప్పు చేశాను? నీళ్ళు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా? హిల్లా పచ్చ కొమ్మ కత్తిరించేయమంది, లేకపోతే అదే మొక్కంతా ఆక్రమిస్తుందట. ఆర్మాస్ కత్తిరించొద్దన్నాడు, అది బతకడానికి వేసుకున్న ఆకట. బలంగా ఉన్నదాన్ని కోసేసి నీరసంగా ఉన్నదాన్ని ఉంచుకోవడం నాకు అర్థం కాలేదు. కత్తెర తీసుకుని వెళ్ళి, ఎదురుగా కూర్చుని, మళ్ళీ సొరుగులో పెట్టేదాన్ని. నాలుగుసార్లు అలా జరిగింది.

తాళంచెవి మాత్రం ఆగలేదు. వారానికి ఒకసారో రెండుసార్లో, ఎప్పుడూ వెలుతురు పోయే వేళకే. నేను కదిలితే ఆగిపోయేది. పోలీసులకు చెబుదామంటే ఏమని చెప్పను? దొంగ వస్తాడు, తలుపు తెరవడం చేతకాక వెళ్ళిపోతాడు అనా?

జనవరిలో చలి సున్నాకు ఇరవై నాలుగు డిగ్రీలు కిందికి దిగింది. మూడు గంటలకే చీకటి పడుతోంది. తాళంలో చప్పుడు మొదలవగానే ఈసారి నేను చెప్పుల్లేకుండా పిల్లిలా వెళ్ళి, తలుపు ఒక్కసారిగా తీసేశాను.

ఎదురుగా ఐలి. నీలం టోపీ మీద మంచు, ఒక చేతిలో కాగితంలో చుట్టిన చేపల రొట్టె, చాపిన రెండో చేతిలో తాళంచెవి. భయపడాల్సింది నేను, కానీ ఆమె గొంతు ముందు లేచింది.

"ఎవరు? నా ఇంట్లో ఏం చేస్తున్నావు?"

"ఇది మీ ఇల్లు కాదండీ. నా ఇల్లు. నేను రౌనిని."

"రౌనివైతే రెండో అంతస్తులో ఉండాలి కదా!"

"రెండో అంతస్తులోనే ఉన్నాను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని తలుపు చట్రాన్ని తడిమింది, గోడను తడిమింది. నాకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ చేతిని పట్టుకోవాలని మాత్రం తెలిసింది. లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె తల ఒక పక్కకు తిప్పి, నన్ను కాకుండా అలమారాను చూస్తున్నట్టు కూర్చుంది. ఉన్నట్టుండి చూపుడు వేలు ఎత్తింది.

"అదిగో. తెల్లగా. దొంగవి నువ్వేనన్నమాట."

"దొంగనేమిటి? కాగితం కింద రాశాను కదా, పేరుతో సహా!"

"రాశావా?"

"రాశాను! అసలు తీసేయమన్నది మీరు! మీ సంతకంతోనే కదా నోటీసు వచ్చింది?"

"ఏ నోటీసు?"

నా మతి పోయిందా, ఆమె మతి పోయిందా అనిపించింది. రంగులయ్యాక కింద నుంచి తీసి సొరుగులో దాచిన నోటీసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు. కాసేపు అలా పట్టుకుని తిరిగి నాకిచ్చింది.

"చదువు," అంది.

చదివాను. మెట్ల మీది సామాన్లు, శుక్రవారం, చెత్త, సంతకం. ఐలి భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది, కళ్ళనుంచి నీళ్ళు కారుతుండగా.

"నా తీగకి నేనే ఉరిశిక్ష రాసి, ఉరి తీసిందెవరని ఊరంతా వెతుకుతున్నానా! సొసైటీ మేనేజరు కాగితాలు ముందు పెడతాడు, ఇక్కడ అంటాడు, నేను గీస్తాను. అంతే."

"అంటే మీకు..."

"మీరు గీరు ఏంటి, నువ్వు అను. నీ ఇంటి తాళాన్ని మూడు నెలల నుంచి గెలుకుతున్నదాన్ని. చూపు మధ్యలో బూడిద రంగు మరక, రౌని. నీకు చెవులున్నాయి, జుట్టుంది, మొహం లేదు. అంచులు మాత్రం కనబడతాయి. తెల్లనిది ఏదైనా పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. ఆ మలుపులో తెల్లగా మెరిసేది, చెయ్యి చాపితే ఆకు తగిలేది. ఆకు తగిలాక తొమ్మిది మెట్లు, నా తలుపు. ఇప్పుడు అన్నీ ఒకటే బూడిద. లెక్కపెట్టుకుంటూనే వస్తాను, మధ్యలో ఎవరైనా పలకరించారో, లెక్క పోతుంది."

పెరట్లో ఆమె తల ఎందుకు ఊపలేదో అప్పటికి గాని నాకు తట్టలేదు. పోరి మనిషిని, సూటి మనిషిని అనుకుంటూ ఏడాదిగా ఒక గుడ్డి మనిషి మీద అలక పూనాను.

"ఎవరికీ చెప్పకు," అంది ఐలి. "తెలిస్తే వృద్ధుల హోములో గది చూస్తారు. అక్కడ కాఫీ మూడింటికే ఆపేస్తారట."

ఆమె లేచి తీగ దగ్గరికి వెళ్ళింది. వేళ్ళతో ఆకులు ఒక్కొక్కటే వెతికింది. తల పక్కకు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి చూసింది.

"ఇక్కడ ఏమీ లేదేంటి?"

"ఆకులున్నాయి. కొత్తవి. పచ్చగా వస్తున్నాయి, ఎందుకో తెలియదు."

"నీ ఇల్లు ఉత్తరం వైపు, గుహ. తెల్ల ఆకు తిండి సంపాదించలేదు. వెలుతురు చాలినప్పుడు పచ్చది సంపాదించి తెల్లదాన్ని కూడా పోషిస్తుంది. వెలుతురు తగ్గితే షోకులు మానేసి పచ్చ ఒక్కటే వేసుకుంటుంది. దాని తప్పేముంది." ఆమె చెయ్యి పచ్చ ఆకు మీదే ఉండిపోయింది. "కానీ ఇలా ఉంటే నాకు కనబడదు."

ఆ రోజు నుంచి సోమవారాలు ఐలి సొసైటీ కాగితాలు తెచ్చేది, నేను చదివేదాన్ని. సంతకం చేసేముందు చదివించుకోవడం ఆమెకు భలే సరదాగా ఉండేది. పాత ఫైలు కూడా తెచ్చింది. అందులో పెరట్లోని బెంచీ తీసేయడానికి ఆమె ఇచ్చిన అనుమతి కనబడింది.

"ఆ బెంచీ తీయించింది నేనా?" అని అరిచింది. "రెండేళ్ళుగా ఆ బెంచీ దొంగని నోటికొచ్చినట్టు తిడుతున్నాను!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆమె వెళ్ళాక నాకు నవ్వు నిలవలేదు. ఎనిమిది ఇళ్ళవాళ్ళ పనులు చదవలేని చేత్తో సంతకమవుతున్నాయి, అది నాకొక్కదానికే తెలుసు. చెబితే ఆమెకు ద్రోహం. చెప్పకపోతే మిగతావాళ్ళకు ద్రోహం. పళ్ళ డాక్టరు దగ్గర అలాంటి ప్రశ్నలు ఉండేవి కావు. పుచ్చిన పన్ను అంటే పుచ్చిన పన్నే.

ఫిబ్రవరిలో ఒక సోమవారం ధైర్యం చేశాను.

"ఐలి, నువ్వే వాళ్ళకి చెప్పేయరాదూ?"

ఆమె కాగితాలు దొంతి పెట్టుకుంది. "నీకు విసుగొస్తే చదవడం మానెయ్," అంది.

"విసుగు కాదు."

"పోరి వాళ్ళకి అన్నీ గోడకి మేకు కొట్టినట్టు చెప్పాలి. మాకలా కాదు."

ఆ మాట అని వెళ్ళినది మూడు సోమవారాలు రాలేదు. నేను చేసింది మంచో చెడో తేలక, సాయంత్రాలు పై అంతస్తులో అడుగుల చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. తీగ ఇంకో పచ్చ ఆకు వేసింది.

మార్చిలో సొసైటీ వార్షిక సమావేశం. నేలమాళిగలో, సౌనా అనే ఆవిరి స్నానపు గది పక్కన బట్టలారేసే గదిలో కుర్చీలు వేశారు. మేనేజరు కాగితాలు పంచాడు. ఐలి లేచి నిలబడింది. టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"ఇందులో ఏముందో నాకు తెలియదు," అంది కాగితం ఎత్తి చూపుతూ. "రెండేళ్ళ నుంచి తెలియదు. చూపు పోయింది. సంతకాలు మాత్రం చేస్తూనే ఉన్నాను. బెంచీ తీయించింది నేనే. తీగ తీయించింది నేనే. తిట్టాలనుకునేవాళ్ళు ఇప్పుడు తిట్టండి, కాఫీ చల్లారకముందే."

మేనేజరు మొహం కందిపోయింది.

చివరికి ఆర్మాస్ గొంతు సవరించుకున్నాడు. "మాకు తెలిసుండొచ్చు. తెలియకపోయి ఉండొచ్చు."

"ఏది?" అంది ఐలి.

"మూడేళ్ళయింది, ఐలి," అంది హిల్లా మెల్లగా. "నువ్వు ఆ ఆకు పట్టుకుని మలుపు తిరగడం చూశాను. అందుకే తీగ చచ్చిపోకుండా నీళ్ళు పోస్తూ వచ్చాం. ఆయన బుధవారం, నేను శనివారం."

ఐలి కుర్చీలో కూలబడింది. దాచుకున్నదాన్ని మూడేళ్ళుగా అందరూ దాచిపెడుతున్నారని తెలిస్తే మనిషి సంతోషించాలా, సిగ్గుపడాలా? ఆమె మొహంలో రెండూ కనబడ్డాయి. నాకు మాత్రం కోపం వచ్చింది.

"మరి నాకెందుకు చెప్పలేదు? నేనే కదా దాన్ని పీకి పట్టుకెళ్ళింది!"

ఆర్మాస్ నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? ఖాళీ చోటని చెప్పాను. దారని చెప్పాను. కళ్ళు, కాళ్ళు, చెయ్యి, అన్నీ చెప్పాను. నువ్వేమో మోకాళ్ళకి మందు రాసుకోమన్నావు."

గది గదంతా నవ్వింది, మేనేజరుతో సహా. ఐలి అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ నవ్వుల మధ్యే ఆర్మాస్ అడిగాడు: "పోరిలో చదవడం, రాయడం బాగానే నేర్పుతారనుకుంటా?"

"నేర్పుతారు," అన్నాను ఉడుక్కుంటూ.

"చిన్న అక్షరాలు కూడా?"

"ఎంత చిన్నవైనా!"

"అయితే సరే," అన్నాడు. అందరూ చేతులెత్తారు. మేనేజరు ఏదో రాసుకున్నాడు. మెట్లెక్కుతూ ఐలిని అడిగాను, వాళ్ళు దేనికి చేతులెత్తారని.

"అధ్యక్షురాలివి నువ్వు," అంది. "శుభాకాంక్షలు."

వద్దని చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది, అప్పటికి మేనేజరు నా పేరుతో ముద్ర కూడా చేయించేశాడు. తీగ విషయం మాత్రం తేల్చాను. దారికి అడ్డం రాకూడదన్నదే నియమం కాబట్టి, కుండీని కిటికీ పక్క గోడకు, తల తగలనంత ఎత్తులో ఇనుప బ్రాకెట్టు మీద పెట్టి, ఒక్క కొసను మాత్రం కమ్మీ దాకా దించాలని రాసి మేనేజరుకు పంపాను. అతను గొణిగి ఒప్పుకున్నాడు. ఆర్మాస్ బ్రాకెట్టు బిగించాడు. బిగించింది వంకరగా ఉందని హిల్లా అంది. గోడే వంకరని ఆర్మాస్ అన్నాడు.

చలి తగ్గాక, ఏప్రిల్‌లో మొక్కను మలుపులోకి మార్చాం. దక్షిణం కిటికీ, ఎండ మెట్ల మీద దాకా పడుతోంది. ఇక పచ్చ కొమ్మలు కోయక తప్పదు. కత్తెర పట్టుకుని మళ్ళీ నిలబడిపోయాను.

"ఎక్కడ కొయ్యాలో తెలియడం లేదు."

"చెయ్యి ఇటివ్వు," అంది ఐలి. నా వేలిని పట్టుకుని తీగ వెంబడి వెనక్కి నడిపించింది. నున్నటి కాడ, ఆకు తొడిమ, మళ్ళీ నున్నటి కాడ, గడ్డలా ఒక కణుపు. "ఇక్కడి ఆకు ఎలా ఉంది?"

"పచ్చగా."

ఇంకా వెనక్కి. "ఇక్కడ?"

"పచ్చ. లేదు, ఆగు. అంచున తెలుపు గీత ఉంది. కాడ మీద కూడా ఉంది."

"దానికి ఒక వేలు పైన కొయ్యి. తెలుపు గీత ఉన్న కణుపు నుంచే తెలుపు వస్తుంది."

"వస్తుందా?"

"రావొచ్చు."

కోశాను. పచ్చ కొమ్మలు పారేయలేదు. నీళ్ళ సీసాలో పెడితే వేళ్ళు వేశాయి, ఇప్పుడు నా చీకటి హాలులో ఒత్తుగా, ఏ గొడవా లేకుండా పెరుగుతున్నాయి. మలుపులోని మొక్క మాత్రం నెలరోజులు మొండిగా ఉండిపోయింది. బోడి కాడలు, నాలుగు పాత ఆకులు. చంపేశానేమో అని రోజుకు రెండుసార్లు వెళ్ళి చూసేదాన్ని. ఐలి అంతవరకు కమ్మీకి కట్టిన తెల్ల రిబ్బను పట్టుకుని ఎక్కింది, అది కుక్కకు కట్టే తాడులా ఉందని తిట్టుకుంటూ.

మే చివర్లో ఒక ఉదయం కోసిన కణుపు పక్కనుంచి సూదిలాంటి చిగురు వచ్చింది. వారానికి విప్పుకుంది. ఐలిని పిలిచాను. రెండు మెట్లు పైన నిలబడి తల పక్కకు తిప్పి చూసింది.

"ఏ రంగు?" అంది. "నాకు ఏదో ఉన్నట్టు ఉంది, లేనట్టు ఉంది."

దగ్గరికి వెళ్ళి చూశాను. సగం పచ్చ, సగం తెలుపు. కాదు, తెలుపు మీద పచ్చ మరకలు పడ్డాయో, పచ్చ మీద తెలుపు ఒలికిందో చెప్పలేకపోయాను. ఎండ కదిలినప్పుడల్లా ఒకటి ఎక్కువైనట్టు కనబడుతోంది.

"తెలియడం లేదు, ఐలి. తెలుపే అనుకుంటా. కానీ పచ్చ కూడా ఉంది."

"ఏదో ఒకటి చెప్పు. అధ్యక్షురాలివి కదా, నమ్ముతాను."

"తెల్లగా ఉంది," అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. నేను ఆకును కొంచెం ముందుకు వంచాను.